పొరుగువాడు చెప్పిన దారి

తీగల లోకం – 7వ భాగం

కొత్త ఊరికి బండి మీద పోతూ దారి అడిగిన వాళ్లందరికీ ఇది అనుభవమే. మొదట కనిపించిన మనిషి దారంతా చెప్పడు. "తిన్నగా పోండి, చెరువు కట్ట దిగాక రావిచెట్టు వస్తుంది, అక్కడ ఎవర్నయినా అడగండి" అంటాడు. రావిచెట్టు కింద కూర్చున్న పెద్దాయన ఇంకో ముక్క చెబుతాడు. అలా అడుక్కుంటూ అడుక్కుంటూ ఊరు చేరతాం. మధ్యలో తగిలిన వాళ్లలో ఏ ఒక్కరికీ మన ప్రయాణం పూర్తిగా తెలియదు, ఎవరి మలుపు వాళ్లకు తెలుసు, అంతే. అప్పుడప్పుడూ ఇంకో రకం మనిషి కూడా ఎదురవుతాడు. తెలియదని చెప్పడం ఆయనకు నామోషీ. ఏ ఊరి పేరు అడిగినా "ఇదిగో, ఇక్కడే" అని చెయ్యి చూపిస్తాడు.

ఈ వారం కథలో ఆ రెండు రకాల వాళ్లూ వస్తారు. కాకపోతే మనుషులు కారు, యంత్రాలు.

కిందటి వారం 1969 అక్టోబర్ 29 రాత్రి దగ్గర ఆగాం. లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 'లాగిన్' అని కొట్టబోతే రెండక్షరాలు వెళ్లి అవతలి కంప్యూటర్ కుప్పకూలింది. ఆ రెండక్షరాల గురించి చాలామంది చాలా రాశారు. నాకు మాత్రం ఆ అక్షరాల కంటే, అవి ఏ పెట్టెలోంచి దూరి ఏ పెట్టెలోంచి బయటపడ్డాయో ఆ పెట్టెల మీదే ఆసక్తి. నెట్‌వర్క్ ఎలా కట్టారన్న ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉంది.

ఆ పెట్టె పేరు ఇంప్. పేరులోని మూడక్షరాలను విప్పితే, వార్తలను అందుకుని ముందుకు పంపే యంత్రం అని అర్థం. హనీవెల్ కంపెనీ తయారుచేసిన 516 రకం మినీ కంప్యూటర్‌ను బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్‌లో బీబీఎన్ అనే చిన్న సంస్థ ఈ పనికి మలిచింది. బీరువా అంత ఎత్తు, నాలుగు వందల కిలోల బరువు, పైన ఎత్తడానికి ఇనప కొక్కేలు. జ్ఞాపకశక్తి 12 వేల పదాలు, అంటే ఈనాటి లెక్కలో 24 కిలోబైట్లు. మీ ఫోన్‌లో ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు. ఈ కాంట్రాక్టు బీబీఎన్‌కు దక్కినప్పుడు తమ రాష్ట్రం సంస్థ కదా అని సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ కార్యాలయం అభినందన తంతి పంపిందట. వార్తలందించే యంత్రం అన్న మాటను అక్కడ ఎవరో సర్వమత సామరస్యాన్ని అందించే యంత్రంగా చదువుకున్నారు. ఆ పేరే నిజమైతే ఎంత బాగుండేదో!

విశ్వవిద్యాలయాల దగ్గర అప్పటికే పెద్ద పెద్ద కంప్యూటర్లుండగా మధ్యలో ఈ పెట్టె ఎందుకు? నిజానికి మొదటి ఆలోచనలో ఇది లేదు. అమెరికా రక్షణ శాఖ పరిశోధన విభాగం ఆర్పాలో ఈ పని చూస్తున్న లారీ రాబర్ట్స్ 1967లో ఆన్ ఆర్బర్ పట్టణంలో ఒక సమావేశం పెట్టి, మీ కంప్యూటర్లన్నిటినీ ఫోన్ లైన్లతో నేరుగా కలిపేస్తాను అన్నారు. వచ్చినవాళ్లు ముఖాలు మాడ్చుకున్నారు. ఒక్కో యంత్రం ధర లక్షల డాలర్లు, వాడుకునే సమయం నిమిషాల లెక్కన పంచుకుంటున్నారు. అందులో కొంత ఊళ్లోవాళ్ల ఉత్తరాలు మోయడానికి ఎవరిస్తారు? పైగా ఒక్కో కంప్యూటర్ ఒక్కో రకం, ఒకదాని భాష ఇంకోదానికి రాదు. అందరికీ అందరి భాషా నేర్పాలంటే అయ్యే పని కాదు.

ఆ సమావేశం నుంచి టాక్సీలో విమానాశ్రయానికి పోతూ వెస్లీ క్లార్క్ అనే ఇంజనీరు ముడి విప్పారు. పెద్ద కంప్యూటర్ల జోలికి పోకండి, ప్రతి చోటా గుమ్మం ముందు ఒక చిన్న కంప్యూటర్ పెట్టండి, అన్నీ ఒకే రకం, ఆ చిన్నవే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, పెద్దది తన గుమ్మంలో ఉన్నదానితో మాట్లాడితే చాలు. ఇంతే ఆయన చెప్పింది. కానీ నెట్‌వర్క్ రెండు అంతస్తులుగా చీలింది ఆ టాక్సీలోనే. పై అంతస్తులో పని చేసుకునే యంత్రాలు, కింది అంతస్తులో మోత మోసే యంత్రాలు. ఇవాళ మన ఇంట్లో గోడకున్న వైఫై పెట్టెకు, చేతిలోని ఫోన్‌కు మధ్య ఉన్న విభజన కూడా అదే. లోపల ఏముందో కింది అంతస్తుకు అక్కర్లేదు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం చదవడు కదా, చిరునామా చూస్తాడు.

ఇంప్‌లను కలిపింది సెకనుకు 50 వేల బిట్లు మోసే ఫోన్ లైన్లు. అద్దెకు తీసుకున్నవి. 1969 చివరికి నాలుగు చోట్ల నాలుగు ఇంప్‌లు. 1970 ముగిసేసరికి హార్వర్డ్, ఎంఐటీ, కార్నెగీ తదితరాలు కలిసి పదమూడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు అప్పటికి ఏడాదిగా ఆ కార్నెగీలోనే పాఠాలు చెబుతున్నారు. ఈ వలకు తొలినాటి చిరునామాదారుల్లో ఒక తెలుగాయన ఉన్నాడన్న సంగతి మనవాళ్లు అంతగా చెప్పుకోరు.

చాలా ఇంప్‌ల నుంచి రెండు మూడు లైన్లకు మించి పోయేవి కావు. వల గీసి చూస్తే చేపల వల కంటే పలచగా, రెండు మూడు చోట్ల మెలికలు పడిన దారంలా ఉంటుంది. మూడో భాగంలో మనం చూసిన నెట్‌వర్క్ పరిశోధకుడు పాల్ బారన్ లెక్క ఇదే. మధ్యలో ఒక కేంద్రం పెట్టుకుంటే అది పోతే అంతా పోతుంది, ప్రతివాడికీ మూడు నాలుగు దారులుంటే సగం పోయినా మిగతా సగం బతుకుతుంది. బాగానే ఉంది. అయితే బారన్ బొమ్మలో గీతలున్నాయి కానీ ఆ గీతల్లో ఏది పట్టుకోవాలో చెప్పే మనిషి లేడు. కేంద్రం లేనప్పుడు దారి చెప్పేదెవరు?

ఆ పని విల్ క్రౌథర్ మీద పడింది. బీబీఎన్‌లో ప్రోగ్రాములు రాసే ఈయనకు గుహల పిచ్చి. సెలవు దొరికితే కెంటకీలోని మామత్ గుహల్లోకి భార్యతో దిగి, చీకట్లో పాకుతూ కొలతలు తీసి పటాలు గీసేవారు. తర్వాతి కాలంలో ఆ గుహల్నే కంప్యూటర్ ఆటగా రాశారు, సాహసాల ఆటలన్నిటికీ అదే మూలపురుషుడు. చీకట్లో ముందున్న మలుపు తప్ప ఏమీ కనబడని చోట దారి వెతకడం అలవాటైన మనిషే నెట్‌వర్క్‌లో దారి వెతికే పద్ధతి రాయడం నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

క్రౌథర్ పద్ధతి రావిచెట్టు పద్ధతే. ప్రతి ఇంప్ దగ్గరా ఒక పట్టిక ఉంటుంది. ఫలానా చోటుకు పోవాలంటే నా లైన్లలో ఏది పట్టుకోవాలి, ఎంత ఆలస్యమవుతుంది, ఇవే అందులోని వివరాలు. సెకనులో మూడింట రెండు వంతుల కాలానికోసారి ఆ పట్టికను పక్కవాళ్లకు వినిపిస్తుంది, వాళ్ల పట్టిక తాను వింటుంది. "యూటాకు నా దగ్గర్నుంచి ఇంత" అని పక్కింటి ఇంప్ చెబితే, పక్కింటిదాకా పోవడానికి పట్టేది దానికి కలుపుకుని తన లెక్క సరిచేసుకుంటుంది. మొత్తం దేశపటం ఎవరి దగ్గరా లేదు. అయినా ప్యాకెట్లు, అంటే ముక్కలు చేసిన వార్తలు, పోతున్నాయి, లైన్ తెగితే పక్కదారి పట్టి పోతున్నాయి. 24 కిలోబైట్లలో ఇంత తెలివి ఇమిడిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మంచి కబురు వేగంగానూ చెడ్డ కబురు నిదానంగానూ పాకడం ఒక్కటే దాని లోపం అనుకున్నారు. కొత్త దారి తెరుచుకుంటే వెంటనే అందరికీ తెలిసేది. దారి మూసుకుపోతే మాత్రం పాత మాటలే ఇద్దరు పొరుగువాళ్ల మధ్య కాసేపు తిరుగుతూ ఉండేవి.

అసలు లోపం హార్వర్డ్ ఇంప్ బయటపెట్టింది. 1970ల తొలి సగంలో ఒకనాడు దాని జ్ఞాపకశక్తి పాడై, పట్టిక ఉన్న చోట అన్నీ సున్నాలే పలకడం మొదలైంది. సున్నా అంటే ఆలస్యం లేదని అర్థం. అంటే "ఏ ఊరికైనా సరే, నా దగ్గర్నుంచి దూరం సున్నా" అని హార్వర్డ్ పొరుగువాళ్లకు చెప్పింది. పొరుగువాళ్లు నమ్మారు. నమ్మి తమ పొరుగువాళ్లకు చెప్పారు. కాసేపట్లో కాలిఫోర్నియాలో ఈ ఊరి నుంచి ఆ ఊరికి పోవాల్సిన ప్యాకెట్లు కూడా ఖండం దాటి హార్వర్డ్ వైపు పరుగెత్తి, అక్కడ బావిలో పడ్డట్టు పడిపోయాయి. ఇంజనీర్లు దీనికి పెట్టుకున్న పేరు కృష్ణబిలం. యంత్రం చచ్చిపోతే ఏమవుతుందో అందరూ లెక్కలు వేశారు. చావకుండా బతికే ఉండి అబద్ధం చెబితే ఏమవుతుందో మాత్రం ఎవరూ వేసుకోలేదు.

ఇలాంటివన్నీ చూసి బీబీఎన్ 1979 నాటికి పద్ధతి మార్చింది. ఈసారి పొరుగువాడి లెక్కను నమ్మరు. ప్రతి ఇంప్ తన సొంత లైన్ల పరిస్థితి మాత్రమే చెబుతుంది, ఆ మాట వలంతా దండోరా వేసినట్టు అందరికీ చేరుతుంది, ఎవరి పటం వాళ్లు గీసుకుని ఎవరి దారి వాళ్లు లెక్కేసుకుంటారు. దండోరాలో పాత కబురేదో కొత్త కబురేదో తెలియాలి కాబట్టి ప్రతి కబురుకీ ఒక అంకె. కొత్త అంకె వస్తే పుచ్చుకుని పక్కవాళ్లకు పంపు, పాతదైతే పారెయ్యి. ఇంతకంటే సుబ్బరమైన పద్ధతి ఏముంటుంది?

1980 అక్టోబర్ 27న వలంతా కొన్ని గంటలపాటు స్తంభించింది. లైన్లు బాగానే ఉన్నాయి, యంత్రాలకు కరెంటు ఉంది, అయినా ఎవరి ప్యాకెట్టూ కదలడం లేదు. ఒక ఇంప్ జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టు దించి చూస్తే నిండా దండోరా కబుర్లే. అన్నీ 50వ నంబరు ఇంప్ పేరు మీదే. వాటి మీది అంకెలు 8, 40, 44, మళ్లీ 8, 40, 44.

ఇక్కడ ఒక్క నిమిషం కూర్చోవాలి. ఆ అంకెలకు కేటాయించింది ఆరు బిట్లు, అంటే 0 నుంచి 63 దాకా. 63 తర్వాత గడియారం ముల్లులా మళ్లీ సున్నాకు వస్తుంది. మరి 62 పాతదా, 1 పాతదా? దానికో నియమం పెట్టుకున్నారు. ముల్లు తిరిగే వైపు సగం చుట్టులోపు, అంటే 32 అడుగుల్లోపు ముందున్నది కొత్తది. రెండు అంకెల మధ్య ఈ నియమం చక్కగా నిలుస్తుంది. మూడు అంకెలుంటే ఏమవుతుందో చూడండి. 8 నుంచి 40కి సరిగ్గా 32 అడుగులు, కాబట్టి 40 కొత్తది. 40 నుంచి 44కు నాలుగు అడుగులు, కాబట్టి 44 ఇంకా కొత్తది. 44 నుంచి ముందుకు పోతే 28 అడుగుల్లో మళ్లీ 8 వస్తుంది, కాబట్టి 44 కంటే 8 కొత్తది! ముప్పై రెండూ నాలుగూ ఇరవై ఎనిమిదీ కలిపితే అరవై నాలుగు, ఒక పూర్తి చుట్టు. ముగ్గురూ ఒకరికంటే ఒకరు చిన్నవాళ్లు. ప్రతి ఇంప్ వచ్చిన ప్రతి కబురునూ కొత్తదే అనుకుని పొరుగువాళ్లకు పంపుతూనే ఉంది. దండోరా పని అన్నిటికంటే ముఖ్యమైన పని అని రాసి పెట్టారు కనుక, మిగతా ఏ పనికీ తీరిక లేదు.

మూడు కబుర్లు ఒకేసారి ఎలా వచ్చాయి? 50కి పొరుగున ఉన్న 29వ ఇంప్ చెడి, జ్ఞాపకంలోంచి బిట్లను జారవిడుస్తోంది. 44ను రెండంకెల భాషలో రాస్తే 101100. అందులో ఒక ఒకటి జారితే 101000, అంటే 40. ఇంకోటి జారితే 001000, అంటే 8. తీగ మీద పోయేటప్పుడు తప్పు దొర్లితే పట్టుకునే కాపలా ఉంది. కానీ ఈ తప్పు తీగ మీద జరగలేదు, పెట్టె కడుపులో జరిగింది.

ఒక ఇంప్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే పక్కవాళ్లు అవే కబుర్లు మళ్లీ దాని నోట్లో పోసేవారు. అందరినీ ఒకేసారి ఆపడం మాటలు కాదు. చివరికి ఇంప్‌ల ప్రోగ్రాములో చిన్న అతుకు వేశారు: 50వ ఇంప్ ఏం చెప్పినా వినొద్దు. పల్లెటూళ్లో ఒకణ్ణి వెలివేసినట్టే. ఆ వెలితో వల తేరుకుంది. పాపం, 50 చేసిన తప్పేమీ లేదు, చెడింది దాని పొరుగు.

ఈ సంఘటనను విడమరిచి రాసిన ఎరిక్ రోజెన్ బీబీఎన్ ఇంజనీరు. 1981 జనవరిలో వెలువడిన ఆ నివేదికను నేను అపరాధ పరిశోధన నవల చదివినట్టు చదివాను. అయితే చరిత్రకు దానికంటే ముఖ్యమైంది, ఆయనే 1982 అక్టోబర్‌లో రాసిన ఇంకో పత్రం. అప్పటికి ఆర్పా వల ఒక్కటే కాదు, రేడియో వలలు, ఉపగ్రహ వలలు, కార్యాలయాల్లోపలి వలలు పుట్టుకొచ్చి ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. అందరూ ఒకే పద్ధతిలో, ఒకే కుటుంబంలా దారులు చెప్పుకుంటూ పోతే ఒకరి జబ్బు అందరికీ అంటుతుంది, ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం కూడా కష్టం, పద్ధతి మార్చాలంటే అందర్నీ ఒకేసారి మార్చాలి. కాబట్టి వేరు కాపురాలు పెట్టండి అన్నారు రోజెన్. ఒక యాజమాన్యం కింద ఉన్న యంత్రాలన్నీ కలిపి ఒక స్వతంత్ర మండలం, దానికొక నంబరు. లోపల ఎవరి ఇంటి పద్ధతి వాళ్లది. గుమ్మం దగ్గర మాత్రం అందరికీ ఒకే మర్యాద. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో వాటిని ఏఎస్ అంటారు. ఇవాళ మనం ఇంటర్నెట్ అని ఒక్క పేరుతో పిలిచేది నిజానికి పదుల వేల ఏఎస్‌ల ఇరుగుపొరుగు. దానికి యజమాని ఎవరని అడిగేవాళ్లకు నేను ఈ పత్రం తేదీ చెబుతుంటాను.

రోజెన్ చెప్పిన గుమ్మం మర్యాదలో ఒక ఇబ్బంది ఉంది. మధ్యలో ఒక పెద్ద వల, దానికి కొమ్మల్లా మిగతావి, అన్న ఊహ మీద అది నిలబడింది. కొమ్మకూ కొమ్మకూ మధ్య అడ్డదారులు పడితే తికమకపడేది. 1989 జనవరిలో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇంజనీర్ల సమావేశం జరిగినప్పుడు ఐబీఎంకు చెందిన యాకొవ్ రెఖ్టర్, సిస్కోకు చెందిన కర్క్ లాహీడ్ భోజనం బల్ల దగ్గర కాగితపు నాప్కిన్ల మీద కొత్త పద్ధతి గీసేశారు. పేరు బీజీపీ. ఇందులో చిట్కా పోస్టాఫీసు ముద్రల్లాంటిది. దారి కబురు ఏయే మండలాల మీదుగా వచ్చిందో ప్రతి మండలం తన నంబరు దాని మీద కొట్టి పంపుతుంది. వచ్చిన కబురు మీద అప్పటికే తన ముద్ర ఉంటే గిరగిరా తిరుగుతోందని తెలిసిపోతుంది, పారేస్తారు. 1980లో ఇంప్‌లకు పట్టిన పిచ్చి దీనికి పట్టదు. తాత్కాలికంగా ఉంటుందని రాసుకున్న ఆ నాప్కిన్ల పద్ధతి, మరమ్మతులతో, ఈ రోజుకీ ప్రపంచమంతటా నడుస్తోంది.

వేరు కాపురాలు పెట్టాక ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలవుతాయి కదా. నా ప్యాకెట్లు మీ వీధిలోంచి పోవాలంటే నీకేంటి, నాకేంటి? అక్కడి నుంచి దారిని నిర్ణయించేది దూరం కాదు, ఒప్పందం. 2000 ప్రాంతంలో సికింద్రాబాద్ ఆఫీసులో కూర్చుని, అబిడ్స్‌లో ఉన్న మా ఇంకో ఆఫీసుకు ప్యాకెట్ ఎలా పోతోందో చూద్దామని ట్రేస్‌రూట్ కొట్టాను. ఇక్కడొక కంపెనీ లైను, అక్కడొక కంపెనీ లైను. తెర మీద ఒక్కో మజిలీ వరుసగా పడుతోంది. హైదరాబాద్, ముంబై, తర్వాత ఉన్నట్టుండి అమెరికా, మళ్లీ ముంబై, మళ్లీ హైదరాబాద్. ట్యాంక్‌బండ్ దాటడానికి రెండు సముద్రాలు దాటి వచ్చింది! ఆ రెండు కంపెనీలకూ దేశంలో పరిచయం లేదు, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి అమెరికాలో ఉన్నాడు. ఇలాంటి తిప్పట తప్పించడానికే 2003లో నిక్సీ అనే సంస్థ పుట్టింది. దేశంలోని ఇంటర్నెట్ కంపెనీలు ఒకచోట చేరి తీగలు కలుపుకునే కూడలి అది. హైదరాబాద్‌లోనూ ఒక కూడలి పెట్టారు.

ముద్రలు సరే, ముద్ర కొట్టినవాడు చెప్పింది నిజమో కాదో? బీజీపీ ఆ సంగతి అడగదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపమంది. పాకిస్తాన్ టెలికాం సులువైన ఉపాయం పన్నింది. యూట్యూబ్ చిరునామాలు మా దగ్గరే ఉన్నాయని తమ యంత్రాలకు చెప్పింది, వచ్చినవాటిని గోతిలోకి తోసింది. ఇంటి లోపల చెప్పుకోవాల్సిన అబద్ధం గుమ్మం దాటింది. హాంకాంగ్‌లోని పొరుగు సంస్థ ఆ కబురును సోదా చేయకుండా లోకానికి పంపేసింది. యూట్యూబ్ అప్పటికి 1,024 చిరునామాల దిమ్మెను ఒక్కటిగా ప్రకటించుకుని ఉంది. పాకిస్తాన్ కబురు అందులోని 256కి మాత్రమే. ఎంత చిన్న ముక్క గురించి చెబితే అంత ఖచ్చితంగా తెలిసినవాడని యంత్రాలు నమ్ముతాయి. "ఆ మండలం మా వైపే" అన్నవాడి కంటే "ఆ వీధి మా వెనకే" అన్నవాడి మాట మనమూ వింటాం కదా. లోకంలో యూట్యూబ్ చూడబోయిన వాళ్లలో చాలామంది ఆ గోతిలో పడ్డారు.

గంటా ఇరవై నిమిషాల తర్వాత యూట్యూబ్ ఇంజనీర్లు తామూ 256 ముక్కను ప్రకటించారు. సరిసమానం, కొందరు ఇటు తిరిగారు. ఇంకో పది నిమిషాలకు దాన్ని మళ్లీ చీల్చి 128, 128గా ప్రకటించారు. వీధి అన్నవాడి మీద ఇంటి నంబరు చెప్పినవాడు గెలిచాడు. మొదలైన రెండు గంటల పైచిలుకుకు హాంకాంగ్ సంస్థ ఆ పొరుగు లైను మీంచి వచ్చిన దొంగ కబుర్లను ఆపేసింది. యాభయ్యో నంబరు ఇంప్‌కు వేసిన వెలి లాంటిదే ఇదీ.

ఫలానా చిరునామాలు ఫలానా మండలానివే అని సంతకంతో ధ్రువపత్రాలిచ్చే ఏర్పాటు ఆ తర్వాత వచ్చింది. మొదటి ముద్ర ఎవరిదో అది సరిచూస్తుంది. మధ్యలో పడిన ముద్రలు నిజమైనవో కాదో తేల్చే పద్ధతి కాగితం మీద ఉంది, వాడకంలోకి మాత్రం పెద్దగా రాలేదు. అక్కడ ఇప్పటికీ పొరుగువాడి మాటే ప్రమాణం.

వచ్చే వారం: లోకంలోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైలులో రాసి ఉంచిన రోజులు, కాలిఫోర్నియాలో ఆ పద్దు చూసిన ఎలిజబెత్ ఫైన్లర్ ఆఫీసు.